చచ్చిన తీగ

జూన్ 9, సోమవారం

మా ఆవిడ వెళ్లి ఇవాళ్టికి ఆరు రోజులు. నేనేమీ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. ఈ డైరీలో జూన్ 3 దగ్గర "చెల్లి ఇంటికి" అని ఆవిడే రాసి, దీన్ని బల్ల మీద వదిలేసి వెళ్లింది. అది చూస్తే తెలిసింది, అంతే. స్కూలు వాళ్లు ఏటా టీచర్లకిచ్చే డైరీ ఇది. ఖాళీగా పడి ఉంది కదా అని నేను అందుకున్నాను. ఇంట్లో మనిషి లేకపోతే ఎవరితోనో ఒకరితో వాగాలి కదా.

చెల్లెలి ఊరు బస్సులో గంటన్నర. "కొన్నాళ్లు ఉండి వస్తాను" అంది. ఎన్నాళ్లని నేను అడగలేదు. అడగడానికి ఏముంది? ఇరవై రెండేళ్ల కాపురంలో ఎప్పుడూ వెళ్లలేదా, రాలేదా?

స్కూల్లో జరిగినదానికి నేనేం చేయను? వేసవి క్లాసులకొచ్చిన పిల్లలకి నీళ్లు మరిగించి చూపిద్దామని ల్యాబులో పెద్ద హీటర్ వేసింది ఆవిడ. వేసిన నిమిషానికి పక్క గదిలో ఆరు కంప్యూటర్లు టపటపా పేలి పొగలొచ్చాయి. ఆ స్కూలు వైరింగు నేను చేసిందే కనుక నా మోటార్ల షాపు మూసి పరుగెత్తాను. మెయిన్ బోర్డు చూసొచ్చాను. "ఏమయిందయ్యా?" అన్నారు హెడ్‌మాస్టారు. "లోడు ఎక్కువయింది మాస్టారూ" అన్నాను. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. అందులో అబద్ధమేముంది? హీటర్ అంటే లోడే కదా.

ఆవిడకి మెమో ఇచ్చారు. జులై 14న కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి, అందాకా క్లాసులకి రావద్దన్నారు. వాళ్లకి నచ్చకపోతే ఉద్యోగం తీసేస్తారట. పంతొమ్మిదేళ్లుగా ఫిజిక్సు చెబుతోంది అక్కడ.

జూన్ 10

కాఫీ నేనే పెట్టుకున్నాను. బాగానే కుదిరింది. దీనికింత హంగామా ఎందుకు చేస్తుందో ఆవిడ.

జూన్ 11

ఇవాళ్టి కాఫీ పారబోశాను.

జూన్ 13, శుక్రవారం

ఫోన్ చేశాను. కత్తెర ఎక్కడుందని అడగడానికి.

"కుట్టుమిషన్ సొరుగులో" అంది. "తిన్నారా?" అంది. తిన్నానన్నాను. "బీపీ మాత్ర?" అంది. వేసుకున్నానన్నాను. వాళ్లింట్లో పిల్లలు అరుచుకోవడం వినబడింది. "ఉంటానండి" అంది.

కత్తెర అప్పుడు నా చేతిలోనే ఉంది. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. దీన్నెవరూ చదవరు గనుక రాస్తున్నాను.

ఒకటి మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక, చెప్పులైనా విప్పకుండా అడిగింది: "మెయిన్ బోర్డులో న్యూట్రల్ చూశారా?" "చూశాను, బాగానే ఉంది" అన్నాను. చూశాననేది నిజమే. న్యూట్రల్ బోల్టు కొంచెం వదులై నల్లబడి ఉంటే బిగించాను కూడా. బోల్టులన్నాక వదులవుతాయి, మనం బిగిస్తాం. అదొక విషయమా చెప్పడానికి? ముప్పై ఏళ్లుగా టెస్టర్ పట్టుకుని బతుకుతున్నవాణ్ని. టెస్టర్ ఫేజు మీద, అంటే కరెంటొచ్చే తీగ మీద, పెడితే వెలుగుతుంది, న్యూట్రల్ మీద పెడితే వెలగదు. న్యూట్రల్ అంటే చచ్చిన తీగ. దాన్ని ముట్టుకున్నా ఏమీ కాదు. చచ్చిన తీగ కంప్యూటర్లని కాలుస్తుందా ఎక్కడైనా!

జూన్ 15, ఆదివారం

ఇవాళ సూపర్‌వైజర్ పర్మిట్ క్లాసులు మొదలయ్యాయి. పర్మిట్ లేకపోతే ఇకమీదట స్కూళ్లు, ఆసుపత్రుల పనులు చేయనివ్వరట. మోటార్లు చుట్టేవాళ్లం, వైరింగు వాళ్లం పదిహేనుమందిమి, బట్టతలలూ బొజ్జలూ వేసుకుని చిన్నపిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నాం. చెప్పేది రిటైరైన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు. అందరూ పెద్దసారు అంటారు. మనిషి పుల్ల, గొంతు మాత్రం లౌడ్ స్పీకరు.

మొదటి ప్రశ్న నన్నే అడిగాడు. "ఏమయ్యా మోటార్లాయనా, ఈ తీగలో వోల్టేజీ ఎంత?"

"రెండొందల ముప్పై" అన్నాను, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"ఎక్కడినుంచి ఎక్కడికి?"

"ఎక్కడినుంచి ఏమిటండీ, ఆ తీగలో."

"ఒక్క తీగని పట్టుకుని ఎంత అని అడిగితే నేను చెప్పలేనయ్యా. రెండు చోట్లు చూపించు, వాటి మధ్య తేడా ఎంతో చెబుతాను. వోల్టేజీ అంటే ఆ తేడానే."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఈ ముక్క నేను ఇంతకుముందే విన్నాను. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఆవిడ ఇదే చెప్పింది, ఒకసారి కాదు, చాలాసార్లు. "రెండు చోట్ల మధ్య తేడా అండీ, ఒక్కచోట ఉండేది కాదు" అనేది. "నీ పుస్తకాల కరెంటు వేరే, నా కరెంటు వేరే" అని నేను కొట్టిపారేసేవాణ్ని. నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. క్లాసులో ఆ తర్వాత చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

జూన్ 18

మరదలికి ఫోన్ చేశాను. మీ అక్క బాగుందా అంటే, "ఏం, ఆవిడకి ఫోన్ లేదా కరెంటు బావగారూ?" అంది. దాని నోటికి హద్దూ పద్దూ లేదు.

జూన్ 22, ఆదివారం

క్లాసు. పెద్దసారు మల్టీమీటర్ నా చేతికిచ్చాడు. ఒకే ఫేజు తీగని రెండు చోట్ల ఒలిచి, మీటర్ రెండు ముళ్లూ దాని మీదే పెట్టమన్నాడు. పెట్టాను. సున్నా చూపించింది. మీటర్ పోయిందన్నాను. "మీటర్‌కేం కాలేదు. అక్కడికీ ఇక్కడికీ తేడా లేదు, అందుకని సున్నా" అన్నాడు. తర్వాత మూడు ఫేజు తీగల్లో ఒకదాని మీద ఒక ముల్లు, ఇంకోదాని మీద రెండోది పెట్టమన్నాడు. నాలుగొందలు దాటింది.

నాలుగొందలన్నది నాకు తెలియంది కాదు, ఇన్ని మోటార్లు చుట్టినవాణ్ని. ఎందుకని మాత్రం ఎన్నడూ అడగలేదు. సున్నా అసలు చూడనే లేదు. ముట్టుకుంటే ప్రాణం తీసే తీగ మీద పెడితే సున్నా! ఇంటికొచ్చి చొక్కా విప్పుకుంటూ, "ఏమే, ఇవాళ ఏం జరిగిందో తెలుసా" అని గట్టిగానే అన్నాను. వంటగదిలోంచి ఎవరూ పలకలేదు. నేను చాలాసేపు ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

జూన్ 24

పేపర్లు దిద్దే బల్ల తుడిచాను. ఎర్ర సిరా మరకలు పోలేదు. పోగొట్టాలని నేను పెద్దగా ప్రయత్నించలేదు కూడా. ఆవిడ చూపుడువేలి మీద ఎప్పుడూ ఒక ఎర్రచుక్క ఉండేది. అన్నం వడ్డిస్తుంటే కనిపించేది. కడుక్కోవచ్చుగా అని విసుక్కునేవాణ్ని. ఎందుకు విసుక్కున్నానో.

జూన్ 29, ఆదివారం

క్లాసు.

పెద్దసారు ఒక చెక్క బోర్డు తెచ్చాడు. ఒక ఫేజు మీద వంద వాట్ల బల్బు, ఇంకో ఫేజు మీద పదిహేను వాట్ల చిన్న బల్బు. రెండింటికీ రెండో కొస న్యూట్రల్. రెండూ బుద్ధిగా వెలుగుతున్నాయి. చిన్నదాని మీద గాజుబుడ్డి బోర్లించాడు. "మోటార్లాయనా, ఇలా రా. ఈ న్యూట్రల్ స్విచ్చి నువ్వే ఆపు" అన్నాడు.

"ఆపితే రెండూ ఆరిపోతాయి" అన్నాను.

"ఆపి చూడు."

ఆపాను. పెద్ద బల్బు ఎర్రగా మసకబారింది. చిన్నది తెల్లగా భగ్గుమని, టప్పున పేలిపోయింది. ఉలిక్కిపడి వెనక్కి గెంతాను. అందరూ పగలబడి నవ్వారు.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. "న్యూట్రల్ ఉన్నంతసేపూ ఎవరి రెండొందల ముప్పై వాళ్లది. అది ఊడిందో, ఈ రెండు బల్బులూ ఒకదాని వెనక ఒకటి తగులుకుని రెండు ఫేజుల మధ్య పడతాయి. అక్కడ తేడా నాలుగొందలు. పెద్ద బల్బుకి దాంట్లో కొంచెమే వస్తుంది, మిగిలిందంతా చిన్నదాని నెత్తిన. దాని ఒంటికి అది పడుతుందా? పేలుతుంది. న్యూట్రల్‌ని చచ్చిన తీగ అనేవాడి చేత ఎవరూ ఫ్యూజు కూడా వేయించకండి" అన్నాడు. నా వైపు చూసి అనలేదు. నేను మాత్రం నన్నే అన్నట్టు వెనక్కొచ్చి బెంచీలో ఇరుక్కున్నాను.

పెద్ద బల్బు హీటరు. చిన్న బల్బు కంప్యూటర్లు. ఆవిడ హీటర్ వేసిన నిమిషానికే, అంత కరెంటు పడేసరికి, నేను సరిగా బిగించని బోల్టు కాలి వదిలేసింది. హీటర్ వేయడం తప్పు కాదు. హీటర్ వేసుకోవడానికేగా వైరింగు! ఫేజు బోల్టులన్నీ రెండేసి సార్లు బిగించాను, నాకు గుర్తుంది. న్యూట్రల్ దగ్గరికి వచ్చేసరికి చేత్తో తిప్పి వదిలేశాను, అది చచ్చిన తీగే కదా అని.

జూన్ 30

ఎవరికీ తెలియదు. బోల్టు ఇప్పుడు గట్టిగానే ఉంది.

జులై 1

కమిటీ వాళ్లు ఉద్యోగం తీసేయకపోవచ్చు. మంచి టీచరని అందరికీ తెలుసు. ఒక మందలింపుతో సరిపెడతారు.

జులై 2

సరిపెడతారు.

జులై 4, శుక్రవారం

మరదలే చేసింది. నవ్వులాట లేదు. "బావగారూ, అక్క సంజాయిషీ రాసుకుంటోంది. మూడుసార్లు రాసి చించేసింది. హీటర్ వేశాను అన్న వాక్యం దగ్గర ఆగిపోతోంది" అంది.

"రాయమను. వేసిందిగా" అన్నాను. నా నోరు నేను చెప్పినమాట ఎప్పుడు విన్నది గనుక.

"అక్కకి ఆ రోజే తెలుసు బావగారూ" అంది.

"ఏం తెలుసు?"

"మీరు బోర్డు దగ్గర్నుంచి వచ్చేటప్పుడు స్పానర్ జేబులో పెట్టుకుంటున్నారట. ఏమీ వదులు కానప్పుడు స్పానర్‌తో పనేమిటి అంది. పక్క గదిలో కంప్యూటర్లు పేలాయంటే న్యూట్రల్ తప్ప ఇంకోటి కాదని అక్కడే అనుకుందట."

"మరి అక్కడే అనొచ్చుగా!"

"మీరే చెబుతారని చూసింది. హెడ్‌మాస్టారి గదిలో చూసింది. ఇంటికొచ్చాక అడిగి చూసింది. ఇంకో మూడు రోజులు చూసింది. ఇక చూడలేక ఇక్కడికొచ్చేసింది. నాతో కూడా నిన్ననే చెప్పింది. మీతో అన్నానని తెలిస్తే నన్ను చంపేస్తుంది."

ఫోన్ పెట్టేశాక అర్థమయింది. న్యూట్రల్ చూశారా అని ఆవిడ అడిగింది తెలుసుకోవడానికి కాదు. నాకు ఇంకొక్క అవకాశం ఇవ్వడానికి. నేనేమో బాగానే ఉంది అన్నాను, ముఖంలోకి చూసి మరీ.

జులై 6, ఆదివారం

క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, పెద్దసారుతో ఉన్నదంతా కక్కేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కమిటీకి చెబితే నీ పేరు పర్మిట్లిచ్చే మా ఆఫీసుకి వెళుతుంది. ఈ ఏడాది పర్మిట్ పరీక్షకి కూర్చోనివ్వరు. వచ్చే ఏడాదీ అనుమానమే."

"మీరైతే ఏం చేస్తారండీ?"

"నేను ఉద్యోగంలో ఉంటే నేనే కూర్చోనివ్వనయ్యా" అన్నాడు. మళ్లీ ఆయనే, "చెప్పకుండా పరీక్ష రాస్తావు, పాసవుతావు. ఆ కాగితం గోడకి తగిలిస్తావు. మీ ఆవిడ రోజూ దాని కిందనుంచి నడవాలి, ఆలోచించుకో" అన్నాడు.

రోజూ నడవాలంటే ముందు రావాలిగా ఆవిడ.

జులై 8

స్కూలుకి వెళ్లాను. హెడ్‌మాస్టారు ఊళ్లో లేరు, పదమూడున గానీ రారట. హమ్మయ్య అనుకున్నాను. గేటు దాటి వచ్చాక, హమ్మయ్య అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

జులై 9

ఎనిమిదో తరగతి గది కిటికీలోంచి నిన్న ఆవిడ నల్లబల్ల కనిపించింది. ఇంకెవరో రాస్తున్నారు. వంకర గీతలు. మా ఆవిడ గీత గీస్తే స్కేలు పెట్టినట్టుంటుంది.

ఇక్కడెవరూ చూడరు గనుక రాస్తున్నాను. ఆవిడ లేకుండా నేను ఉండలేకపోతున్నాను. ఉదయం లేవగానే పక్కకి చూస్తున్నాను. గిన్నె చప్పుడైతే ఆవిడేమో అనుకుంటున్నాను, తీరా అది నేను పెట్టిన గిన్నే. ఆవిడ భుజం మీద సుద్దపొడి దులపాలని ఉంది. ఏదో ఒకటి తప్పు వాగి, కాదండీ అని ఆవిడ చేత దిద్దించుకోవాలని ఉంది.

జులై 11

ఫోన్ తీశాను. చెప్పేద్దామనే తీశాను. "హలో" అంది. "మళ్లీ ఏం కనపడలేదు?" అంది.

"ఏం లేదు. దొరికింది" అన్నాను.

జులై 15, మంగళవారం, ఉదయం

డైరీ ఇంట్లో ఉండిపోయింది. ఇది మరదలి పిల్ల లెక్కల నోటులోంచి చింపిన కాగితం. ఇంటికెళ్లాక అంటించుకోవాలి.

నిన్న నన్నెవరూ పిలవకుండానే కమిటీ గదిలోకి వెళ్లాను. ముగ్గురు కూర్చున్నారు, పక్కన హెడ్‌మాస్టారు. ఆవిడ ఇటువైపు కుర్చీలో, ఒళ్లో కాగితాలు. నన్ను చూసి తల దించుకుంది. చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముక కనిపిస్తోంది. దాన్ని చూసేసరికి దారంతా వల్లించుకున్నదంతా మరిచిపోయాను.

"ఏమయ్యా, నీకిక్కడేం పని?" అన్నారు హెడ్‌మాస్టారు.

"తప్పు నాది మాస్టారూ" అన్నాను. "న్యూట్రల్ బోల్టు నేను బిగించలేదు. ఆ రోజు అది కాలి వదిలేసి ఉంటే, చూసి కూడా మీతో చెప్పకుండా బిగించేసి, లోడు అని చెప్పాను. ఈవిడ తప్పేమీ లేదు."

కమిటీలో ఒక పొడుగాయన ముందుకు వంగాడు. "న్యూట్రల్‌లో ఏమీ ఉండదంటారు కదా. అది వదులైతే కంప్యూటర్లు ఎలా పోతాయి? భార్యని కాపాడుకోవడానికి చెబుతున్నావా?"

ఇదెక్కడి గొడవ! నిజం చెబితే నమ్మరే! నేను బల్ల మీద రెండు చేతులూ పెట్టి మొదలుపెట్టాను. "హీటర్ ఒక ఫేజు మీద ఉందండీ, కంప్యూటర్లు ఇంకో ఫేజు మీద. రెండింటికీ రెండో కొస న్యూట్రలే. అది వదిలేసరికి ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి తగులుకుని, రెండు ఫేజుల మధ్య పడ్డాయి. అక్కడ నాలుగొందలు. హీటర్ దాంట్లో కొంచెం వోల్టేజీ లాక్కుంటుంది, మిగతాదంతా కంప్యూటర్లు..."

"లాక్కోదండీ."

ఆవిడే. తల ఎత్తకుండా అంది. ఆరు వారాల తర్వాత నా ఎదురుగా ఉండి ఆవిడ అన్న మొదటి మాట అది.

"మరి?" అన్నాను.

"లాక్కోవడానికి అదేమైనా వస్తువా? దాని రెండు కొసల మధ్య తేడా అంతే ఉంటుంది అనాలి."

"దాని రెండు కొసల మధ్య తేడా కొంచెమే ఉంటుందండీ" అన్నాను పొడుగాయనతో. "కంప్యూటర్ల కొసల మధ్య తేడా చాలా ఎక్కువ. వాటి ఒంటికి అది పడలేదు."

నమ్మారు. మెమో వెనక్కి తీసుకుంటామన్నారు. నన్ను ఇక ఆ గేటు లోపల అడుగు పెట్టొద్దన్నారు, నా పేరు పర్మిట్ వాళ్లకి రాస్తామన్నారు. రాయండి అన్నాను. సంతకం పెట్టమన్న చోట పెట్టి వచ్చేశాను.

ఆవిడ బస్టాపులో నిలబడి ఉంది. మధ్యాహ్నం ఎండ. వెళ్లి పక్కన నిలబడ్డాను, కొంచెం దూరంగానే.

"ఇంటికి రా" అన్నాను. ఎప్పుడొస్తావని కాదు, వస్తావా అని కాదు, రా అనే అన్నాను. "నువ్వు లేకపోతే నావల్ల కావడం లేదు."

ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది. అటు చూస్తూనే అంది. "ఆ సాయంత్రం ఇంట్లో నాకొక్కదానికి చెప్పి ఉంటే చాలుగదండీ. హెడ్‌మాస్టారి దగ్గర ఆ తప్పు నేనే నెత్తిన వేసుకునేదాన్ని. మీ పనులు పోకుండా ఉండేవి."

నేను నా పేరు పోతుందని భయపడ్డాను. ఆవిడేమో తన పేరు ఇచ్చేయడానికి సిద్ధంగా నిలబడి, నేను నిజం చెబుతానని చూసింది.

బస్సు వచ్చింది, చెల్లెలి ఊరు బస్సు. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. రమ్మనలేదు, వద్దనలేదు. నేను కిందే నిలబడ్డాను. బస్సు కదిలింది. నాకు నలభై తొమ్మిదేళ్లు, బీపీ ఉంది. పరుగెత్తి కమ్మీ పట్టుకుని ఎక్కేశాను. డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టాడు. రొప్పుతూ వెళ్లి ఆవిడ సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తోంది.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడికి?" అని నన్ను అడిగాడు. ఏమని చెప్పను? నన్నెవరూ ఎక్కడికీ రమ్మనలేదు.

ఆవిడ తల ఇటు తిప్పలేదు. ఊరి పేరు చెప్పి, "రెండు" అంది.